సబ్‌రూటీన్‌కి పాయింటర్ పంపితే లోపలికి ఏం వెళ్తుంది? పెన్నా వరద లెక్కతో ఒక ఫోర్ట్రాన్ పాఠం

ఫోర్ట్రాన్ సబ్‌రూటీన్ ఆర్గ్యుమెంట్లలో పాయింటర్ (వేరే చోట ఉన్న డేటాని పట్టుకుని చూపించే వేరియబుల్) ఉన్నప్పుడు జరిగే తప్పుల్లో సగానికి కంపైలర్ నోరు మెదపదు. ప్రోగ్రాము కంపైల్ అవుతుంది, నడుస్తుంది, అంకెలు కూడా ఇస్తుంది. ఒకరి మెషీన్‌లో సరిగ్గా వచ్చింది ఇంకొకరి మెషీన్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటూ పడిపోతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో సివిల్ చదువుతూ పాత ఫోర్ట్రాన్ కోడ్ చేతికొచ్చినవాళ్లకు, వాతావరణ మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్ లాంటివాటి లోపలికి తొంగిచూడాల్సి వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదాహరణ మన నదినే తీసుకుందాం. సోమశిల డ్యామ్ దగ్గర పెన్నాలోకి వదిలిన నీళ్లు సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ దారిని కొన్ని నోడ్‌లుగా విడగొట్టి, డ్యామ్‌ను 0వ నోడ్ అనుకుందాం. వరద కిందికి ఎలా పాకుతుందో మస్కింగమ్ పద్ధతిలో లెక్కకట్టాలంటే ప్రతి నోడ్‌కీ రెండు ప్రవాహాలు కావాలి: పోయిన గంటది, ఈ గంటది. వాటిని 'పాత', 'కొత్త' అనే రెండు అర్రేలు అందాం. అసలు కోడ్‌లో పేర్లకు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. ఇక్కడ చదవడానికి వీలుగా అన్నీ తెలుగులో రాశాను.

ముందుగా ఒక సంగతి. ఫోర్ట్రాన్ అర్రే పాయింటర్ అంటే సీ భాషలో లాగా ఒట్టి అడ్రస్ కాదు. అదొక డిస్క్రిప్టర్. డేటా ఎక్కడ మొదలవుతుంది, ఒక్కో ఎలిమెంట్ ఎన్ని బైట్లు, ఏ రకం, ఎన్ని డైమెన్షన్లు, ఒక్కో డైమెన్షన్‌కి కింది హద్దు, పై హద్దు, ఒక ఎలిమెంట్ నుంచి తర్వాతి దానికి ఎంత దూరం... ఇవన్నీ అందులో ఉంటాయి. 64-బిట్ మెషీన్ మీద ఇప్పటి జీఫోర్ట్రాన్ కంపైలర్‌లో ఒక డైమెన్షన్ అర్రే పాయింటర్‌కి ఈ డిస్క్రిప్టర్ 64 బైట్లు. డైమెన్షన్ పెరిగే కొద్దీ 24 బైట్ల చొప్పున పెరుగుతుంది. ఈ 64 అంకె గుర్తుంచుకోండి, కింద పని పడుతుంది.

కాలర్ (సబ్‌రూటీన్‌ని పిలిచే కోడ్) ఒక పాయింటర్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చినప్పుడు లోపలికి డిస్క్రిప్టర్ వెళ్తుందా, అది చూపిస్తున్న డేటా వెళ్తుందా అన్నది కాలర్ చేతిలో లేదు. సబ్‌రూటీన్‌లో ఆ డమ్మీ ఆర్గ్యుమెంట్‌ని (వచ్చినదానికి సబ్‌రూటీన్ లోపలున్న పేరు) ఎలా డిక్లేర్ చేశారన్నదే తేలుస్తుంది. డమ్మీకి పాయింటర్ ఆట్రిబ్యూట్ ఉంటే కాలర్ దగ్గరున్న డిస్క్రిప్టరే లోపలికి వస్తుంది. లేకపోతే డేటాయే వస్తుంది. పొలం, పట్టాదారు పాస్‌పుస్తకం అనుకోండి. పాస్‌పుస్తకం చేతికిస్తే అందులో సర్వే నంబరే మార్చేయొచ్చు. పొలం మాత్రం అప్పగిస్తే దున్నగలరు, విత్తగలరు, అంతే.

గంట గడిచింది, 'కొత్త' ఇప్పుడు 'పాత' కావాలి. విలువలన్నీ కాపీ చేయకుండా పాయింటర్లను అటూ ఇటూ మార్చేస్తే సరిపోతుంది. సబ్‌రూటీన్ ఇలా ఉంటుంది:

సబ్‌రూటీన్ మార్చు(పాత, కొత్త)
రియల్(8), పాయింటర్ :: పాత(:), కొత్త(:)
రియల్(8), పాయింటర్ :: తాత్కాలికం(:)
తాత్కాలికం => పాత
పాత => కొత్త
కొత్త => తాత్కాలికం
ఎండ్ సబ్‌రూటీన్

బాణం గుర్తుకు అర్థం, ఎడమవైపు పాయింటర్ ఇకపై కుడివైపు దాన్ని పట్టుకోవాలని. రెండు డమ్మీలకూ పాయింటర్ ఆట్రిబ్యూట్ ఉంది. అందుకే లోపల జరిగిన మార్పు బయట కాలర్‌కి కనిపిస్తుంది. నోడ్‌లు 200 ఉన్నా 2 లక్షలు ఉన్నా ఖర్చు ఒకటే, మూడు డిస్క్రిప్టర్ల మార్పిడి.

దీన్నే చాలామంది ఇంకోలా రాస్తారు. డమ్మీలను 'రియల్(8), టార్గెట్ :: పాత(:), కొత్త(:)' అని పెట్టి (టార్గెట్ అంటే పాయింటర్ పట్టుకోగల మామూలు వేరియబుల్), లోపల రెండు లోకల్ పాయింటర్లతో వాటిని పట్టుకుని, ఆ లోకల్ పాయింటర్లను మారుస్తారు. సబ్‌రూటీన్ లోపల ప్రింట్ చేస్తే మారినట్టే కనిపిస్తుంది. బయటికి వచ్చాక ఏమీ మారి ఉండదు. మారింది లోకల్ డిస్క్రిప్టర్లే, అవి సబ్‌రూటీన్‌తోనే పోయాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. 'కొత్త'లో లెక్కకట్టిన ప్రవాహం 'పాత'లోకి ఎప్పటికీ చేరదు కాబట్టి, ప్రతి గంటా మొదటి గంట పరిస్థితి నుంచే లెక్క మొదలవుతుంది. వరద కదలకుండా నిలబడిపోయినట్టు గ్రాఫ్ వస్తే ముందు ఇక్కడ చూడండి.

మార్పిడి మూడు లైన్లూ రాయకపోతే ఇంతకంటే మోసకరమైన తప్పు వస్తుంది. 'పాత => కొత్త' ఒక్కటే రాసి ఊరుకుంటే రెండు పాయింటర్లూ ఒకే మెమరీని పట్టుకుంటాయి. మస్కింగమ్ సూత్రంలో ఒక నోడ్ కొత్త ప్రవాహం మూడు ముక్కలతో వస్తుంది: పై నోడ్ కొత్త విలువ, పై నోడ్ పాత విలువ, ఈ నోడ్ పాత విలువ. వాటి గుణకాలు మూడూ కూడితే 1 రావాలి. రెండు అర్రేలూ ఒకటే అయిపోతే పై నోడ్ పాత విలువ మీద అప్పటికే కొత్త విలువ పడిపోయి ఉంటుంది. దాంతో వరద ఉండాల్సిన దానికంటే ముందే కిందికి చేరుతుంది. గుణకాల మొత్తం ఎలాగూ 1 కాబట్టి, నిలకడ ప్రవాహంతో పరీక్షిస్తే జవాబు తప్పకుండా సరిగ్గానే వస్తుంది! సోమశిల నుంచి ఒకే ప్రవాహం ఎంతసేపు వదిలినా నెల్లూరులో అంతే వస్తుంది, ప్రోగ్రాము బాగుందనుకుంటాం. తేడా బయటపడేది వరద పెరిగి తగ్గేటప్పుడు, పీక్ వచ్చే గంటలోనే. ఆ గంటే జనానికి కావాల్సింది. అందుకే నిలకడ ప్రవాహం పరీక్ష ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. పెరిగి తగ్గే హైడ్రోగ్రాఫ్‌తో (గంట గంటకూ మారే ప్రవాహంతో) కూడా చూడండి.

పైగా ప్రవాహం లెక్కకట్టే సబ్‌రూటీన్‌లో 'పాత', 'కొత్త' మామూలు డమ్మీలైతే, రెండూ వేర్వేరు మెమరీలేనని అనుకునే హక్కు కంపైలర్‌కి ఉంది. కాలర్ రెండు చోట్లా ఒకే మెమరీని ఇచ్చి, లోపల ఒకదానిలోకి రాస్తే రూలు తప్పింది కాలరే. కాలర్ దగ్గర అవి పాయింటర్లు అయినంత మాత్రాన ఆ రూలు సడలదు. ఫలితం ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా) ఒకలా, ఓ2తో (ఆప్టిమైజేషన్‌తో) ఇంకోలా రావచ్చు. ఆప్టిమైజేషన్ పెంచితే అంకెలు మారాయంటే కంపైలర్‌ని అనుమానించే ముందు పిలుపుకు ముందు ఒక లైన్ పెట్టి చూడండి: 'అసోసియేటెడ్(పాత, కొత్త)'. రెండు ఆర్గ్యుమెంట్లతో పిలిచినప్పుడు ఈ ఫంక్షన్ రెండూ ఒకే టార్గెట్‌ని పట్టుకున్నాయా అని చెబుతుంది. ట్రూ వస్తే తప్పు దొరికినట్టే.

ఇప్పుడు ఆ 64 బైట్ల సంగతి.

డమ్మీకి పాయింటర్ ఆట్రిబ్యూట్ ఉన్న సబ్‌రూటీన్‌ని పిలిచే చోట దాని ఎక్స్‌ప్లిసిట్ ఇంటర్‌ఫేస్ (ఆర్గ్యుమెంట్ల పూర్తి వివరం) కంపైలర్‌కి కనబడి తీరాలి. అంటే సబ్‌రూటీన్ ఒక మాడ్యూల్‌లో ఉండి యూజ్‌తో తెచ్చుకోవాలి, లేదా కంటైన్స్ కింద ఉండాలి, లేదా ఇంటర్‌ఫేస్ బ్లాక్ రాయాలి. ఈ నియమం ఫోర్ట్రాన్ 90లో పాయింటర్లు వచ్చిన నాటి నుంచీ ఉంది. పాత ఫోర్ట్రాన్ 77 అలవాటులో సబ్‌రూటీన్‌ని వేరే ఫైల్‌లో విడిగా రాసి, విడిగా కంపైల్ చేసి, లింక్ చేస్తే ఈ నియమం తప్పినట్టు ఎవరికీ తెలియదు. రెండూ ఒకే ఫైల్‌లో ఉంటే జీఫోర్ట్రాన్ పట్టుకుంటుంది. వేరే వేరే ఫైళ్లలో ఉంటే పట్టుకోలేదు.

అప్పుడేం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఇంటర్‌ఫేస్ తెలియని కాలర్, పాత పద్ధతిలో డేటా అడ్రస్ పంపుతుంది. లోపలున్న సబ్‌రూటీన్ మాత్రం డిస్క్రిప్టర్ అడ్రస్ వచ్చిందనుకుంటుంది. అంటే మీ అర్రేలోని విలువల్నే డిస్క్రిప్టర్‌గా చదువుతుంది. ఆ అర్రేలో మొదటి విలువ సోమశిల నిండు మట్టం 100.58 మీటర్లు అనుకోండి. ఆ డబుల్ ప్రెసిషన్ బిట్లను అడ్రస్‌గా తీసుకుంటే పై 16 బిట్లు సున్నాలు కావు. మామూలు లైనక్స్ ప్రోగ్రాముకి అలాంటి అడ్రస్ ఉండదు, అక్కడికక్కడే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఇది అదృష్టం, తప్పు వెంటనే దొరికింది.

దురదృష్టం ఏమిటంటే, చాలామంది అర్రేలను ముందుగా సున్నాలతో నింపుతారు. అప్పుడు మొదటి 8 బైట్లూ సున్నా. లోపల 'అసోసియేటెడ్(పాత)' అని అడిగితే డేటా అడ్రస్ సున్నా కాబట్టి ఫాల్స్ వస్తుంది. సబ్‌రూటీన్ "ఇంకా మెమరీ ఇవ్వలేదు కాబోలు" అని 'ఎలకేట్(పాత(12))' చేస్తుంది, అంటే 12 ఎలిమెంట్లకు మెమరీ కేటాయిస్తుంది. కొత్త మెమరీ వివరాలను డిస్క్రిప్టర్‌లో, అంటే మీ అర్రే మొదటి 64 బైట్లలో రాస్తుంది. 64 బైట్లంటే సరిగ్గా 8 డబుల్ ప్రెసిషన్ విలువలు. పిలుపు అయ్యాక కాలర్ తన అర్రేని ప్రింట్ చేస్తే మొదటి విలువ 4.6×10⁻³¹⁰ లాంటిది వస్తుంది. అది హీప్ (ఎలకేట్ మెమరీ ఇచ్చే చోటు) అడ్రస్‌ని రియల్ అంకెగా చదివితే వచ్చే విలువ. రెండోది నాన్ (అంకె కానిది); డిస్క్రిప్టర్‌లో ఆఫ్‌సెట్ మైనస్ 1, దాని బిట్లన్నీ 1లే. ఆరు, ఏడు విలువలు 4.9×10⁻³²⁴, అవి స్ట్రైడ్ (ఎలిమెంట్ల మధ్య దూరం), కింది హద్దు, రెండూ 1. ఎనిమిదోది 5.9×10⁻³²³, అది పై హద్దు 12. తొమ్మిదో విలువ నుంచి ఏమీ జరగనట్టు శుభ్రంగా సున్నాలే.

నీటి ప్రవాహంలో పది పవర్ మైనస్ మూడొందల అంకె ఎక్కడా రాదు. మీ అవుట్‌పుట్‌లో 4.6×10⁻³¹⁰ గానీ 6.9×10⁻³¹⁰ గానీ కనిపిస్తే, ఎక్కడో అడ్రస్‌ని అంకెగా చదువుతున్నారని అర్థం. మొదటిది సాధారణంగా హీప్ అడ్రస్, రెండోది స్టాక్ లేదా షేర్డ్ లైబ్రరీల వైపు అడ్రస్. సూత్రాలు తిరగేస్తూ కూర్చోకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌ల దగ్గరికి వెళ్లండి.

దీనికి మందు ఒక్కటే, సబ్‌రూటీన్లన్నీ మాడ్యూల్‌లో పెట్టడం. ఇంటర్‌ఫేస్ బ్లాక్ చేత్తో రాయడం నాకు నచ్చదు. సబ్‌రూటీన్‌లో ఒక ఆర్గ్యుమెంట్ మార్చి బ్లాక్‌లో మార్చడం మరిచిపోతే మళ్లీ ఇదే తప్పు, ఈసారి ఇంటర్‌ఫేస్ ఉందన్న ధీమాతో. పాత కోడ్ పెద్దదై ఒకేసారి మార్చలేకపోతే జీఫోర్ట్రాన్‌కి 'డబ్ల్యూ ఇంప్లిసిట్-ఇంటర్‌ఫేస్' ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేయండి, ఇంటర్‌ఫేస్ లేని ప్రతి పిలుపునూ చూపిస్తుంది. ఫోర్ట్రాన్ 2018లో 'ఇంప్లిసిట్ నన్ (టైప్, ఎక్స్‌టర్నల్)' అని రాసే వీలు కూడా వచ్చింది.

హద్దుల విషయానికొస్తే, సోమశిలను 0వ నోడ్ అన్నాం కాబట్టి మన అర్రే 'పాత(0:200)'. పాయింటర్ డమ్మీకి పంపితే హద్దులు కూడా డిస్క్రిప్టర్‌తో పాటే వెళ్తాయి, లోపల కూడా 0 నుంచి 200. అదే పాయింటర్‌ని 'పాత(:)' అనే మామూలు అజ్యూమ్డ్-షేప్ (సైజు కాలర్ నుంచే తెచ్చుకునే) డమ్మీకి పంపితే లోపల హద్దులు 1 నుంచి 201 అవుతాయి. లోపల 'పాత(0)' అని రాస్తే డ్యామ్ కాదు, అర్రే ముందున్న ఎవరిదో మెమరీ. డమ్మీని 'పాత(0:)' అని డిక్లేర్ చేస్తే చాలు, కింది హద్దు మళ్లీ 0 అవుతుంది. పాయింటర్‌ని పట్టించేటప్పుడు కూడా ఇదే తేడా ఉంది. 'పీ => అర్రే' అంటే అర్రే హద్దులే వస్తాయి. 'పీ => అర్రే(:)' అంటే అది సెక్షన్ కింద లెక్క, కింది హద్దు 1. ఫోర్ట్రాన్ 2003 నుంచి 'పీ(0:) => అర్రే(:)' అని మనకు కావాల్సిన కింది హద్దు చెప్పొచ్చు.

ఇంటెంట్ (ఆర్గ్యుమెంట్ లోపలికి తేవడానికా, బయటికి పంపడానికా అని చెప్పే ఆట్రిబ్యూట్) దగ్గర ఎక్కువమంది తడబడతారు. పాయింటర్ డమ్మీలకు ఇంటెంట్ పెట్టే వీలు ఫోర్ట్రాన్ 2003లో వచ్చింది. అక్కడ ఇంటెంట్ చెప్పేది డేటా గురించి కాదు, పాయింటర్ దేన్ని పట్టుకుందన్న దాని గురించి. 'పాయింటర్, ఇంటెంట్(ఇన్) :: మట్టం(:)' అంటే లోపల దాన్ని వేరే చోటికి తిప్పకూడదు, ఎలకేట్, డీఎలకేట్ (మెమరీ విడుదల), నల్లిఫై (పాయింటర్‌ని ఖాళీ చేయడం) చేయకూడదు. కానీ 'మట్టం(3) = 0.0' అని రాస్తే కంపైలర్ ఏమీ అనదు, కాలర్ డేటా మారిపోతుంది. డేటాని కూడా కాపాడాలంటే డమ్మీకి పాయింటర్ ఆట్రిబ్యూట్ తీసేసి మామూలు ఇంటెంట్(ఇన్) పెట్టండి. కాలర్ పాయింటర్ ఇచ్చినా పర్లేదు, డేటా వెళ్తుంది, లోపల ఎవరూ దాన్ని మార్చలేరు. సబ్‌రూటీన్ లోపల పాయింటర్‌ని తిప్పే పని లేకపోతే డమ్మీకి పాయింటర్ ఆట్రిబ్యూట్ అసలు పెట్టకండి. నా దృష్టిలో ఈ ఒక్క అలవాటుతో పైన చెప్పిన తప్పుల్లో ఎక్కువ భాగం పుట్టనే పుట్టవు. ఒక్క షరతు ఉంది: మామూలు డమ్మీకి పంపే పాయింటర్ ఆ క్షణానికి దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి.

ఆ షరతుకు ఒక మినహాయింపు ఉంది, చాలా ఉపయోగపడేది. సోమశిల కింద బొగ్గేరు లాంటి పక్క ఏరు నుంచి వచ్చే ప్రవాహం కొన్ని లెక్కల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. దాన్ని 'ఆప్షనల్, ఇంటెంట్(ఇన్) :: పక్కఏరు(:)' అని పాయింటర్ కాని డమ్మీగా పెట్టండి. ఫోర్ట్రాన్ 2008 ప్రకారం కాలర్ ఖాళీ పాయింటర్ ఇస్తే అది అసలు ఇవ్వనట్టే లెక్క. లోపల 'ప్రెజెంట్(పక్కఏరు)' ఫాల్స్ అవుతుంది. రెండు రకాల పిలుపులు ఇఫ్‌లలో రాయాల్సిన పని తప్పుతుంది. అయితే ఖాళీ పాయింటర్ అంటే నల్లిఫై చేసింది అని, మొదటి నుంచీ ఏమీ పట్టించనిది కాదు. డిక్లేర్ చేసి వదిలేసిన పాయింటర్ స్థితి అనిర్దిష్టం. దాన్ని అసోసియేటెడ్‌తో అడగడమే తప్పు, ట్రూ రావచ్చు, ఫాల్స్ రావచ్చు.

అదే ఫోర్ట్రాన్ 2008లో ఇంకో సౌకర్యం: డమ్మీ 'పాయింటర్, ఇంటెంట్(ఇన్)' అయితే, కాలర్ పాయింటర్ కాని మామూలు వేరియబుల్‌ని కూడా ఇవ్వొచ్చు, దానికి టార్గెట్ ఆట్రిబ్యూట్ ఉంటే చాలు. ఇంటెంట్(ఇన్) లేకపోతే కుదరదు.

ఇంటెంట్(అవుట్)తో జాగ్రత్త. లోపలికి రాగానే ఆ పాయింటర్ స్థితి అనిర్దిష్టం. కాలర్ దగ్గర అది మెమరీ పట్టుకుని ఉంటే ఆ మెమరీని ఎవరూ విడిపించరు, పోయినట్టే. ఎలకేటబుల్ (పాయింటర్ కాకుండా, నడిచేటప్పుడు సొంతంగా మెమరీ తీసుకునే అర్రే) డమ్మీకి ఇంటెంట్(అవుట్) పెడితే మాత్రం పాత మెమరీ దానంతటదే విడుదలవుతుంది. అలాగే ఎలకేటబుల్‌ని రెండుసార్లు ఎలకేట్ చేస్తే ఎర్రర్ వస్తుంది. పాయింటర్‌ని రెండోసారి ఎలకేట్ చేస్తే మాట్లాడకుండా కొత్త మెమరీ ఇస్తుంది, పాతది లీక్. సబ్‌రూటీన్‌లోని లోకల్ ఎలకేటబుల్ బయటికి రాగానే విడుదలవుతుంది, లోకల్ పాయింటర్‌కి ఇచ్చిన మెమరీ విడుదల కాదు. గంట గంటకూ పిలిచే సబ్‌రూటీన్‌లో ఇలా ఒక్కటి ఉంటే చాలు, సిమ్యులేషన్ సాగే కొద్దీ ప్రోగ్రాము పట్టుకునే మెమరీ పెరుగుతూనే పోతుంది. పెరిగే అర్రేలకు, తాత్కాలిక అర్రేలకు ఎలకేటబుల్ వాడండి, పాయింటర్ వద్దు. పాత మెమరీని కొత్త పేరుకు మార్చాలంటే మూవ్_ఎలక్ ఉంది. రెండు అర్రేల మార్పిడి కూడా మూడు మూవ్_ఎలక్‌లతో అవుతుంది. డమ్మీలకు ఎలకేటబుల్ ఆట్రిబ్యూట్ ఉండాలి, దానికీ ఎక్స్‌ప్లిసిట్ ఇంటర్‌ఫేస్ తప్పదు.

లీక్ కాకూడదని లోకల్ పాయింటర్‌ని డిక్లరేషన్‌లోనే '=> నల్()' అని ఖాళీ చేసేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే, ఫలితం వేరు. డిక్లరేషన్‌లో విలువ ఇస్తే ఆ వేరియబుల్‌కి సేవ్ ఆట్రిబ్యూట్ వచ్చేస్తుంది. ఖాళీ అయ్యేది ప్రోగ్రాము మొదట్లో ఒక్కసారే. రెండో పిలుపులో మొదటి పిలుపు పట్టుకున్నది అలాగే ఉంటుంది. ప్రతి పిలుపుకీ ఖాళీ కావాలంటే డిక్లరేషన్లు అయ్యాక 'నల్లిఫై(పీ)' అని విడి లైన్‌గా రాయాలి. డెరైవ్డ్ టైప్ లోపలి భాగాలకు మాత్రం '=> నల్()' నిశ్చింతగా పెట్టుకోవచ్చు, అక్కడ సేవ్ రాదు.

డెరైవ్డ్ టైప్ అన్నాం కాబట్టి: ఒక్కో పాయకు ఒక టైప్ పెట్టి, అందులో 'ప్రవాహం(:)' పాయింటర్ భాగంగా ఉంటే 'సంగం = సోమశిల' అన్న అసైన్‌మెంట్ డేటాని కాపీ చేయదు. రెండూ ఒకే ప్రవాహాన్ని పట్టుకుంటాయి. ఎలకేటబుల్ భాగమైతే డేటా మొత్తం కాపీ అవుతుంది. అలాంటి టైప్‌ని ఇంటెంట్(ఇన్)గా పంపినా దాని పాయింటర్ భాగం చూపించే డేటాని లోపల మార్చేయొచ్చు. కింది పాయ ఏదో చెప్పే లింకులకు పాయింటర్ సరైనదే. ప్రవాహం లాంటి సొంత డేటాకు కాదు.

ఫోర్ట్రాన్ 77 రొటీన్లతో కలిపి వాడేటప్పుడు కాపీల సంగతి చూడాలి. 'లెక్క(1000, 200)' అనే అర్రేలో 1000 గంటలు, 200 నోడ్‌లు ఉన్నాయనుకుందాం. 'పీ => లెక్క(5, :)' అంటే ఐదో గంటలో అన్ని నోడ్‌లూ. ఫోర్ట్రాన్ మొదటి ఇండెక్స్‌ని వరసగా పెడుతుంది కాబట్టి ఈ 200 విలువలు మెమరీలో 8000 బైట్ల దూరం దూరంగా ఉంటాయి. అజ్యూమ్డ్-షేప్ డమ్మీకైతే డిస్క్రిప్టర్‌లో ఆ దూరం వెళ్తుంది, కాపీ అక్కర్లేదు. 'క్యూ(ఎన్)' అని రాసిన పాత రొటీన్‌కి పంపితే కంపైలర్ గుట్టుగా ఒక తాత్కాలిక అర్రేలోకి కాపీ చేసి పంపి, తిరిగి వచ్చాక వెనక్కి కాపీ చేస్తుంది. ఒక్క పిలుపుకి ఫర్వాలేదు, లోపలి లూపులో అయితే ప్రోగ్రాము ఈడుస్తుంది. జీఫోర్ట్రాన్‌లో 'డబ్ల్యూ అర్రే-టెంపరరీస్' పెడితే ఎక్కడెక్కడ కాపీ అవుతుందో చెబుతుంది. ఎంపీఐలో (ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు పంపే లైబ్రరీ) వెయిటింగ్ లేని సెండ్, రిసీవ్‌లకు ఇలాంటి పాయింటర్ ఇస్తే నెమ్మదితో పోదు: పిలుపు వెనక్కి రాగానే తాత్కాలిక అర్రే పోతుంది, మెసేజ్ ఇంకా దారిలోనే ఉంటుంది, అవతలికి చెత్త చేరుతుంది.

ఇదే తాత్కాలిక కాపీ ఇంకోచోట కూడా దెబ్బతీస్తుంది. సబ్‌రూటీన్ తన డమ్మీని ఒక మాడ్యూల్ పాయింటర్‌కి పట్టించి, తర్వాత వాడుకుందామని దాచుకుంటుంది. ఇది సరిగ్గా నిలవాలంటే మూడు ఉండాలి: డమ్మీకి టార్గెట్, కాలర్ ఇచ్చిన వేరియబుల్‌కి కూడా టార్గెట్ లేదా పాయింటర్, డమ్మీ అజ్యూమ్డ్-షేప్ అయి ఉండటం. కాలర్ వైపు టార్గెట్ లేకపోతే సబ్‌రూటీన్ ముగియగానే ఆ మాడ్యూల్ పాయింటర్ అనిర్దిష్టం. డమ్మీ 'క్యూ(ఎన్)' అయితే కంపైలర్ ఇష్టం. లోకల్ వేరియబుల్‌ని పట్టించి బయటికి పంపడం ఎలాగూ తప్పే. జీఫోర్ట్రాన్ 'డబ్ల్యూ ఆల్' పెడితే పాయింటర్ తన టార్గెట్ కంటే ఎక్కువ కాలం బతకొచ్చని కొన్ని సందర్భాల్లో హెచ్చరిస్తుంది.

డీఎలకేట్‌కి కూడా ఒక నియమం ఉంది. ఎలకేట్‌తో పుట్టిన మెమరీ మొత్తాన్ని పట్టుకున్న పాయింటర్‌తోనే చేయాలి. అర్రేలో ఒక ముక్కను గానీ, టార్గెట్ అని డిక్లేర్ చేసిన మామూలు వేరియబుల్‌ని గానీ పట్టుకున్న పాయింటర్‌తో చేయకూడదు. పాయింటర్ డమ్మీ ఉన్న సబ్‌రూటీన్‌లో లోపలికి వచ్చింది ఎలా పుట్టిందో తెలిసే దారి లేదు. అందుకే డీఎలకేట్ బాధ్యత ఎవరిదో సబ్‌రూటీన్ మొదట్లోనే కామెంట్‌గా రాసి పెట్టుకోండి. ఒక పాయింటర్‌తో విడుదల చేస్తే అదే మెమరీని పట్టుకున్న మిగతావన్నీ గాల్లో వేలాడతాయి, అసోసియేటెడ్ వాటికి ఇంకా ట్రూ అనే చెప్పవచ్చు.

వెతికేటప్పుడు రెండు ఆయుధాలు వేరువేరని గుర్తుంచుకోండి. జీఫోర్ట్రాన్ 'ఎఫ్‌చెక్=పాయింటర్' ఖాళీ పాయింటర్లనే పట్టుకుంటుంది. ఖాళీ పాయింటర్‌ని మామూలు డమ్మీకి పంపితే ఆ ఆర్గ్యుమెంట్ అసోసియేట్ కాలేదని పేరుతో సహా చెప్పి ఆపేస్తుంది. గాల్లో వేలాడేవాటిని పట్టుకోలేదు. వాటికి 'ఎఫ్‌శానిటైజ్=అడ్రస్', 'జీ' రెండూ పెట్టి కంపైల్ చేయండి. విడుదలైన మెమరీని ముట్టుకోగానే ఆపి మూడు చోట్లు చూపిస్తుంది: ఇప్పుడు ఎక్కడ వాడారు, ఎక్కడ విడుదల చేశారు, మొదట ఎక్కడ ఎలకేట్ చేశారు. చాలాసార్లు రెండోది చదివితేనే తప్పు తెలిసిపోతుంది. మళ్లీ కంపైల్ చేసే వీలు లేకపోతే వాల్‌గ్రైండ్ అనే మెమరీ తప్పులు పట్టే టూల్ కింద నడపండి. చాలా నెమ్మది కాబట్టి నోడ్‌లు, గంటలు తగ్గించి నడపండి. శానిటైజర్‌ని, వాల్‌గ్రైండ్‌ని కలిపి వాడకూడదు, ఒకదానికొకటి పడవు.